రిపోర్టులు బాగున్నాయి.. రోగే బాగాలేడు!

కొన్ని జబ్బులకు సానుభూతి దొరుకుతుంది. గుండెజబ్బు అంటే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. షుగరు అంటే పక్కింటివారు సైతం పథ్యం చెబుతారు. చెయ్యి విరిగితే కట్టు చూసి బస్సులో సీటిస్తారు. కానీ కడుపు జబ్బుకు, అందులోనూ రోజుకు నాలుగైదుసార్లు దొడ్డికి పరుగెత్తించే జబ్బుకు సానుభూతి లేదు. ఉన్నదల్లా నవ్వు. లేకపోతే విసుగు. అందుకే అది బయటకు రాదు. చెప్పుకుంటే సిగ్గు, చెప్పకపోతే నరకం.

పాత గుంటూరు జిల్లాలో ఏ ఊరికి వెళ్ళినా ఇటువంటివారు కనిపిస్తారు. పెళ్ళికి పిలిస్తే భోజనాల వేళ దాటాక వచ్చి అక్షింతలు వేసి వెళ్ళిపోయే మేనమామ. బస్సెక్కేముందు మంచినీళ్ళు కూడా ముట్టని టీచరమ్మ. మొదటి పీరియడ్‌లోనే రెండుసార్లు చెయ్యెత్తి, మూడోసారి ఎత్తలేక చెమటలు కక్కే ఇంటర్ విద్యార్థి. మిర్చియార్డులో కాటా దగ్గర నిలబడాల్సిన వేళకు కనిపించక, యజమానితో మాటలు పడే గుమస్తా. వీరిలో చాలామంది దగ్గర ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో రక్తపరీక్షలు, మలపరీక్షలు, స్కానింగులు, ఎండోస్కోపీ ఫొటోలు. అన్నింటి కిందా ఒకటే మాట.. ‘నార్మల్’.

ఆ మాట విని సంతోషించాల్సిన రోగి కుంగిపోతాడు. ‘నీకేమీ లేదయ్యా, అంతా నీ భ్రమ’ అని డాక్టరు అన్నాక, ఇంటికి వచ్చి భార్యకు ఏం చెప్పాలి? అప్పు చేసి పరీక్షలు చేయించిన తండ్రికి ఏం చెప్పాలి? ఏమీ లేకపోతే ఈ నొప్పి ఏమిటి? ఈ ఉబ్బరం ఏమిటి? పొద్దున్నే ఈ పరుగులేమిటి?

ఇక్కడే అసలు తప్పు జరుగుతున్నది. ‘ఏమీ లేదు’ అన్నది జవాబు కాదు. అతడికి ఉన్నది ఒక జబ్బు. దానికి పేరుంది. గుర్తించే పద్ధతి ఉంది. తగ్గించే మార్గాలు ఉన్నాయి. వైద్యులు దానిని ఇర్రిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటారు. పొట్టిగా ఐబీఎస్. చిరాకెత్తిన పేగు అని తెలుగులో చెప్పుకోవచ్చు. పేగులో పుండు ఉండదు, గడ్డ ఉండదు, పురుగు ఉండదు. పేగు పని చేసే తీరులోనే తేడా ఉంటుంది. ఫొటో తీస్తే కనిపించేది కాదు గనుక రిపోర్టులో ‘నార్మల్’ అని వస్తుంది. గడియారం అద్దం పగలలేదు, ముల్లు విరగలేదు, అయినా టైము తప్పుతున్నది. దానిని ‘బాగానే ఉంది’ అని ఎవరూ అనరు కదా!

లెక్కా పత్రం ఉన్న జబ్బే

ఐబీఎస్‌ను అన్ని పరీక్షలూ అయ్యాక మిగిలిపోయిన చెత్తబుట్టగా చూడడం పాత అలవాటు. ఆ అలవాటు మారి చాలాకాలమైంది. లక్షణాలను బట్టే ఈ జబ్బును గుర్తించవచ్చని 1978లోనే ఇంగ్లండులోని వైద్యులు ఒక జాబితా ఇచ్చారు. ఇప్పుడు ప్రపంచమంతటా వాడుతున్నది రోమ్ ప్రమాణాలు. వాటిలో నాలుగోది 2016లో వచ్చింది. దాని ప్రకారం కడుపునొప్పి గత 3 నెలలుగా సగటున వారానికి ఒక్కరోజయినా రావాలి. ఆ నొప్పికి దొడ్డికి వెళ్ళడంతో సంబంధం ఉండాలి. లేదా ఎన్నిసార్లు వెళుతున్నారన్నది మారాలి. లేదా మలం గట్టిదనం మారాలి. ఈ మూడింటిలో కనీసం రెండు ఉండాలి. బాధ మొదలై 6 నెలలు దాటి ఉండాలి. ఇంతే. ఈ ప్రశ్నలు అడగడానికి యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఓపిక కావాలి.

అందరికీ ఒకే రకంగా రాదు. కొందరికి విరేచనాలు ఎక్కువ. కొందరికి మలబద్ధకం. మరికొందరికి నాలుగురోజులు ఇది, నాలుగురోజులు అది. మలం తీరును ఏడు రకాలుగా బొమ్మలు గీసి చూపే పట్టీ ఒకటి బ్రిస్టల్ నగరంలో 1997లో తయారైంది. మేక పెంటికల్లా గట్టిగా ఉంటే ఒకటో రకం, నీళ్ళలా ఉంటే ఏడోది. నోటితో చెప్పడానికి సిగ్గుపడే రోగి వేలితో చూపించవచ్చు. ఆ పట్టీ ప్రతి ఆరోగ్య కేంద్రం గోడ మీద ఉంటే పోయేదేమీ లేదు.

ఎంతమందికి ఉంటుంది? 33 దేశాల్లో 73 వేలమందికి పైగా ప్రజలను ప్రశ్నించిన పెద్ద సర్వే ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఇంటర్నెట్ ద్వారా అడిగినచోట వందకు నలుగురు, ఇంటింటికీ వెళ్ళి ముఖాముఖి అడిగినచోట వందకు ఒకరు, ఇద్దరు ఈ జబ్బుతో తేలారు. ఆ తేడాకు కారణాలు ఎన్నో ఉండొచ్చు. గుమ్మంలో నిలబడి అడిగిన మనిషికి మలవిసర్జన సంగతులు చెప్పడానికి ఎంతమంది ముందుకొస్తారన్నది మాత్రం ఎవరికివారు ఆలోచించుకోవచ్చు. తక్కువ లెక్క తీసుకున్నా, 5 వేల జనాభా ఉన్న ఊళ్ళో 75 మంది! అందులో ఆడవారే కొంచెం ఎక్కువ.

పేగుకూ బుర్ర ఉంది

కడుపులో పేగుల గోడల వెంట పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. తిన్నదాన్ని ఎప్పుడు ముందుకు నెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది అవే చూసుకుంటాయి. పైనున్న మెదడుతో వాటికి నిత్యం రాకపోకలు. పరీక్ష హాలు ముందు కడుపులో తిప్పడం, చెడువార్త విని అన్నం సయించకపోవడం అందరికీ అనుభవమే. ఐబీఎస్ ఉన్నవారిలో ఈ రాకపోకల్లో శ్రుతి తప్పుతుంది. మామూలు మనిషి పట్టించుకోని కదలిక కూడా వీరికి నొప్పిగా తెలుస్తుంది.

ఇది కట్టుకథ కాదు. 1973లో ఇంగ్లండులో ఒక వైద్యుడు రోగుల పెద్దపేగులో చిన్న బుడగను పెట్టి గాలి నింపి చూశాడు. 60 మిల్లీలీటర్లకు ఆరోగ్యవంతుల్లో నొప్పి అన్నవారు వందకు 6 మంది. ఐబీఎస్ వారిలో 55 మంది. ఒకే బుడగ, ఒకే గాలి. నొప్పి మాత్రం ఒకటి కాదు. ‘అందరికీ గ్యాసు ఉంటుంది, నువ్వొక్కడివే గోల చేస్తావేం’ అని దబాయించే అత్తలు, ఆఫీసర్లు ఈ లెక్క ఒక్కసారి చూడాలి.

తిన్న వెంటనే పరుగెత్తడానికీ కారణం ఉంది. పొట్ట నిండగానే పెద్దపేగుకు ‘చోటు చెయ్యి’ అని కబురు వెళుతుంది. ఇది అందరిలోనూ ఉన్నదే. పసిపిల్లలు పాలు తాగుతూనే గుడ్డ తడిపేది అందుకే. ఐబీఎస్ రోగిలో ఆ కబురు కేకలా వెళుతుంది. అంతే తప్ప, తిన్నది తిన్నట్టే పోతున్నదన్న భయానికి ఆధారం లేదు. ఇప్పుడు పోయినది నిన్నటిదో మొన్నటిదో!

చెడ్డనీళ్ళు పోయినా చేటు పోదు

ఈ జబ్బు మొదలవడానికి ఒక ముఖ్యకారణం జిల్లావాసులు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సి ఉంది. అది అతిసారం. వాంతులు, విరేచనాలు తగ్గిపోయాక కూడా పదిమందిలో సుమారు ఒకరికి పేగు మునుపటిలా ఉండదు. క్రిమి చచ్చినా చిరాకు మిగిలిపోతుంది.

కెనడాలో వాకర్టన్ అనే చిన్న పట్టణం ఉంది. 2000 మే నెలలో అక్కడి తాగునీటిలోకి పశువుల పేడ నుంచి క్రిములు చేరాయి. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు. ఏడుగురు చనిపోయారు. అక్కడి ప్రభుత్వం, వైద్యులు అంతటితో చేతులు దులుపుకోలేదు. బతికినవారిని ఏళ్ళ తరబడి పిలిచి పరీక్షించారు. రెండు మూడేళ్ళ తర్వాత చూస్తే, ఆ రోజుల్లో వైద్యులు నిర్ధారించిన అతిసారం వచ్చినవారిలో వందకు 36 మందికి ఐబీఎస్ లక్షణాలు కనిపించాయి. జబ్బుపడని వారిలో ఆ సంఖ్య 10. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా వందకు 15 మందిలో ఆ బాధ ఉంది.

2018 మార్చిలో గుంటూరు నగరంలో ఆనందపేట తదితర ప్రాంతాల్లో అతిసారం ప్రబలిన సంగతి జిల్లా మరచిపోలేదు. తాగునీటిలో మురుగు కలిసిందన్న గగ్గోలు పుట్టింది. ఆస్పత్రి మంచాలు చాలలేదు. ప్రాణాలు పోయాయి. పరామర్శలు, సస్పెన్షన్లు, పైపుల మరమ్మతులు అన్నీ జరిగాయి. మరి సెలైన్ ఎక్కించుకుని బతికి ఇంటికి వెళ్ళినవారి మాటేమిటి? వాకర్టన్ లెక్క ఇక్కడ అచ్చంగా వర్తిస్తుందని ఎవరూ చెప్పలేరు. క్రిములు వేరు, మనుషులు వేరు. కానీ ప్రశ్న వర్తిస్తుంది. అతిసారం అంటే మూడురోజుల వార్త కాదు. కొందరికి అది మూడేళ్ళ శిక్ష. తాగునీటి పైపు పక్కన మురుగుకాల్వ పారుతుంటే చూస్తూ ఊరుకునే అధికారులు ఈ లెక్క కూడా తమ ఖాతాలో రాసుకోవాలి.

అమీబా పేరుతో ఏళ్ళకేళ్ళు

పల్లెల్లో ఈ రోగి మొదట వెళ్ళేది ఆర్ఎంపీ దగ్గరకు. లేకపోతే నేరుగా మందుల షాపుకు. అక్కడ దీనికున్న పేరు ‘అమీబియాసిస్’. మలపరీక్షలో సిస్టులు కనిపించాయని కాగితం వస్తుంది. మెట్రోనిడజోల్ బిళ్ళలు అయిదురోజులు వాడతారు. కొంత నెమ్మదిస్తుంది. నెల తిరిగేసరికి మళ్ళీ మామూలే. మళ్ళీ అవే బిళ్ళలు. ఇలా పదేళ్ళు మింగినవారు ఊళ్ళలో తేలిగ్గానే దొరుకుతారు.

ఈ వ్యవహారంలో ఒక కిటుకు ఉంది. జబ్బు చేసే అమీబా ఒకటి. దానిని పోలిన అమీబా మరొకటి, ఏ హానీ చేయనిది. రెండింటి సిస్టులూ మైక్రోస్కోపు కింద ఒకేలా ఉంటాయి. ఈ రెండూ వేర్వేరు జీవులని 1993లో శాస్త్రజ్ఞులు తేల్చారు. జబ్బు చేసే రకమని నిర్ధారణ కాకుండా, కేవలం సిస్టులు కనిపించినంత మాత్రాన మందు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997లోనే చెప్పింది. అంటే కాగితం మీద ‘సిస్టులు’ అని ఉన్నంత మాత్రాన దొంగ దొరికినట్టు కాదు. దొంగ పోలికలున్న అమాయకుడు కూడా కావచ్చు.

మెట్రోనిడజోల్ మంచి మందే. అవసరమైనచోట ప్రాణం కాపాడుతుంది. కానీ అది షెడ్యూల్ ‘హెచ్’ మందు. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. ఊరికే వాడుతుంటే నోరు చేదెక్కుతుంది, వికారం పెడుతుంది. ఎక్కువకాలం వాడితే కాళ్ళుచేతుల నరాలు తిమ్మిరెక్కే ప్రమాదం ఉంది. అవసరం లేని యాంటీబయాటిక్కులు పేగులో ఉండాల్సిన మంచి క్రిములను సైతం ఊడ్చేస్తాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, చిరాకుగా ఉన్న పేగు మరింత చిరాకుపడుతుంది.

ఆర్ఎంపీని ఒక్కడినే తిట్టి లాభం లేదు. రాత్రి పదింటికి తలుపు తడితే లేచేది అతడే. అతడి చేతిలో ఉన్న విద్య అంతవరకే. పట్నంలో పెద్ద చదువులు చదివినవారి దగ్గరకు వెళితే జరిగేదేమిటి? రెండు నిమిషాల చూపు, రెండు పేజీల పరీక్షలు. ఒకరు పేగుపూత అంటారు. ఒకరు మొలలంటారు. ఇంకొకరు అపెండిక్స్ తీసేద్దామంటారు. అమెరికాలో 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఐబీఎస్ ఉన్నవారికి పిత్తాశయం ఆపరేషన్లు ఇతరులకన్నా మూడింతలు, అపెండిక్స్, గర్భసంచి ఆపరేషన్లు సుమారు రెండింతలు జరిగినట్టు తేలింది. నొప్పి ఒకచోట, కత్తి మరోచోట! అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద ఏళ్ళ తరబడి చర్చ నడిచిన రాష్ట్రంలో ఈ సంగతి పట్టించుకోకపోతే ఎలా?

ఇవి ఉంటే ఆలస్యం వద్దు

అలాగని ప్రతి కడుపునొప్పినీ ఐబీఎస్ అనేసి ఊరుకోవడం అంతకన్నా ప్రమాదం. కొన్ని గుర్తులు కనిపిస్తే పెద్ద పరీక్షలకు వెనుకాడకూడదు. మలంలో రక్తం పడడం. ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోవడం. జ్వరం. అర్ధరాత్రి గాఢనిద్రలోంచి లేపే విరేచనాలు. రక్తహీనత. కడుపులో చేతికి తగిలే గడ్డ. 50 ఏళ్ళు సమీపించాక లేదా దాటాక కొత్తగా మొదలైన మార్పు. రక్తసంబంధీకుల్లో పేగు క్యాన్సరు ఉండడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది చిరాకు పేగు అని సరిపెట్టుకోరాదు. పేగుల క్షయ ఈ దేశంలో ఇంకా ఉన్నదే. క్రోన్స్ వంటి పేగువాపు జబ్బులూ ఉన్నాయి.

ఈ గుర్తులేవీ లేని యువకుడికి కావాల్సిన పరీక్షలు కొద్దే. రక్తంలో హిమోగ్లోబిన్, వాపును తెలిపే సీఆర్‌పీ, థైరాయిడ్, మలపరీక్ష. విరేచనాలు ఎక్కువగా ఉంటే పేగువాపును పసిగట్టే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష, గోధుమ పడని జబ్బుకు రక్తపరీక్ష. ఇవి బాగుంటే ఇక ఆస్పత్రులు మారుతూ అవే స్కానింగులు మళ్ళీ మళ్ళీ తీయించుకోవడం డబ్బు దండగ. ప్రతి కొత్త పరీక్షా రోగిలో కొత్త భయాన్ని నాటుతుంది. భయం పేగును కుదుపుతుంది.

కారం ఒక్కటే ముద్దాయి కాదు

గుంటూరు జిల్లాలో కడుపునొప్పి అంటే మొదటి ముద్దాయి మిరపకాయ. అది పూర్తిగా అబద్ధం కాదు. మిరపలోని ఘాటు పేగులోని నొప్పి నరాలను తట్టిలేపుతుంది. కొరివికారం, పండుమిర్చి పచ్చడి, సాయంత్రం బండి మీది మిరపకాయ బజ్జీ కొన్నాళ్ళు పక్కన పెట్టి చూడడం మంచిదే. నూనె ఓడే పదార్థాలు, నాలుగైదు కప్పుల టీ కాఫీలు, మద్యం కూడా తగ్గించాలి. వేళకు తినాలి, నిదానంగా నమలాలి. పొద్దున ఏమీ తినక, మధ్యాహ్నం మూడింటికి ఒకేసారి గంపెడన్నం తినే అలవాటు ఈ పేగుకు పనికిరాదు.

కానీ ముద్దాయిలు ఇంకా ఉన్నారు. వారిమీద ఎవరికీ అనుమానం రాదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరంలోని మోనాష్ విశ్వవిద్యాలయం వారు 2005 నుంచి ఈ విషయం మీద పనిచేశారు. కొన్నిరకాల పిండిపదార్థాలు చిన్నపేగులో సరిగా ఇంకవు. పెద్దపేగుకు చేరి పులుస్తాయి. గాలి పుడుతుంది, నీరు చేరుతుంది. మామూలు పేగు దానిని భరిస్తుంది. చిరాకు పేగు భరించదు. ఫాడ్‌మ్యాప్ అని పిలిచే ఈ పదార్థాలు ఉల్లిపాయ, వెల్లుల్లి, గోధుమ, పాలు, శనగలు, రాజ్మా, కాలీఫ్లవరు, పుచ్చకాయ, ఆపిల్, తేనె వంటి వాటిలో ఉంటాయి.

ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. కడుపు బాగాలేదనగానే ఇళ్ళల్లో చేసే మొదటిపని రాత్రిపూట అన్నం మాన్పించి చపాతీ పెట్టడం. తేలిక ఆహారమని పేరు. ఐబీఎస్ రోగికి జరిగేది దానికి విరుద్ధం. గోధుమ పులుస్తుంది. వరి అన్నం పులవదు. రెండు చపాతీలు, గ్లాసు పాలు, ఒక ఆపిల్ అనే ‘ఆరోగ్యకరమైన’ రాత్రి భోజనం కన్నా, మెత్తటి అన్నంలో బీరకాయ కూరో కారట్ వేపుడో కలుపుకుని తినడం ఇతడికి క్షేమం. దక్షిణాదిలో పెద్దయ్యాక పాలు సరిగా అరగనివారు చాలామంది. పాలు పడనివారికి పెరుగు, మజ్జిగ చాలావరకు పడతాయి. తోడు పెట్టినప్పుడు పాలలోని చక్కెర కొంత తగ్గడమే కారణం.

అయితే ఇదంతా చదివి ఉల్లి, వెల్లుల్లి, పప్పు, పాలు అన్నీ జీవితాంతం మానేయాలనుకుంటే అది మరో జబ్బు. ఈ పథ్యం నాలుగు నుంచి ఆరువారాలే. గుణం కనిపిస్తే ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టి, ఏది పడదో తెలుసుకుని దానినొక్కదాన్ని తగ్గించాలి. గుణం కనిపించకపోతే పథ్యం వదిలేయాలి. పిల్లలు, గర్భిణులు, అసలే బక్కచిక్కినవారు సలహా లేకుండా దీని జోలికి పోకూడదు.

మలబద్ధకం ఉన్నవారికి ఇసబ్‌గోల్ పొట్టు మేలు చేస్తుంది. చెంచాతో మొదలుపెట్టి, నీళ్ళు బాగా తాగుతూ, నెమ్మదిగా పెంచాలి. పీచు మంచిదన్నారని గోధుమ తవుడు తింటే మాత్రం ఉబ్బరం పెరిగేవారే ఎక్కువ. రోజూ అరగంట నడక, వేళకు నిద్ర.. ఇవి వినడానికి చప్పగా ఉంటాయి. ఖర్చులేనివి గనుక గౌరవం లేదు.

మాట కూడా మందే

మందులూ ఉన్నాయి. పేగు పట్టేయకుండా సడలించేవి, పుదీనా జాతి నూనె గొట్టాలు, విరేచనాలు ఆపేవి. ఇవి బాధ ఎక్కువైనపుడు వాడుకోవడానికి. ఒక హెచ్చరిక అవసరం. కడుపు మందుగా చెలామణీ అయ్యే కొన్ని బిళ్ళల్లో ఆందోళన తగ్గించే క్లోర్‌డయాజెపాక్సైడ్ కలిసి ఉంటుంది. హాయిగా అనిపిస్తుంది గానీ అలవాటు పడే మందు. డాక్టరు చెప్పకుండా నెలల తరబడి కొనుక్కుని వాడరాదు.

వీటితో తగ్గనివారికి అమిట్రిప్టిలిన్ అనే పాత మందు ఉంది. చవకైనది. దిగులు జబ్బుకు పెద్ద మోతాదులో వాడేది. ఐబీఎస్‌కు 10 నుంచి 30 మిల్లీగ్రాములు మాత్రమే. బ్రిటన్‌లో 463 మంది రోగుల మీద, పెద్ద ఆస్పత్రుల్లో కాదు, వీధి డాక్టర్ల దగ్గరే పరీక్షించి చూసి ఇది పనిచేస్తుందని 2023లో ప్రకటించారు. చీటీ మీద ఈ పేరు చూసి మందుల షాపు కుర్రాడు ‘ఇది పిచ్చికి ఇచ్చే మందు’ అన్నాడనుకోండి, రోగి ఆ బిళ్ళల్ని మురుగుకాల్వలో పారేసి ఇంటికి వెళతాడు. ఇది మనసుకు కాదు, పేగు నుంచి మెదడుకు వెళ్ళే నొప్పి కబురును తగ్గించడానికి అని డాక్టరు ముందే చెప్పి ఉంటే ఆ నష్టం ఉండదు. అసలు మనసు జబ్బు మందు వేసుకోవడం మాత్రం తలవంపు ఎందుకు కావాలి?

ఆ మాట చెప్పడమే సగం వైద్యం అనడానికి రుజువుంది. అమెరికాలో 262 మంది ఐబీఎస్ రోగులతో చేసిన ఒక ప్రయోగం 2008లో వెలువడింది. ఒక జట్టుకు ఏ వైద్యమూ చేయలేదు. మూడువారాల తర్వాత తగినంత ఉపశమనం కలిగిందన్నవారు వందకు 28. రెండో జట్టుకు ముక్తసరిగా, పెద్దగా మాట్లాడకుండా ఉత్తుత్తి సూదులు గుచ్చారు. ఉపశమనం 44 మందికి. మూడో జట్టుకు అవే ఉత్తుత్తి సూదులు. కానీ వైద్యుడు కూర్చోబెట్టి, బాధ విని, ధైర్యం చెప్పాడు. ఉపశమనం 62 మందికి! సూదిలో మందు లేదు. ఉన్నదల్లా మాటలోనే. దీనిని బట్టి జబ్బు ఉత్తదని అనుకోవడం పొరపాటు. ఎవరూ చెవిన పెట్టకపోవడం కూడా ఈ జబ్బును పెంచుతున్నదని అర్థం.

తలుపుకు గడియ లేని దొడ్డి

ఈ జబ్బులో ఆడవారి అగచాట్లు వేరే చెప్పాలి. మగవాడు కాలువగట్టు చూసుకుంటాడు. గంటన్నర ప్రయాణంలో నిలబడి ఉద్యోగానికి వెళ్ళే మహిళ ఏం చేయాలి? మరుగుదొడ్డి ఉన్నచోట నీళ్ళుండవు. నీళ్ళున్నచోట తలుపుకు గడియ ఉండదు. అన్నీ ఉన్నచోట తాళం ఉంటుంది. అందుకని ఆమె పొద్దుటి పూట తినడం మానేస్తుంది, నీళ్ళు మానేస్తుంది. దాంతో తలనొప్పి, మూత్రంలో మంట అదనం. బడిలో, హాస్టల్లో పిల్లలది కూడా ఇదే కథ. దొడ్డికి వెళ్ళడానికి చెయ్యెత్తి అడగాలి, అడిగితే క్లాసంతా నవ్వాలి. దగ్గరలో దొడ్డి ఉందన్న ధైర్యం ఉంటే చాలు, చాలామందికి ఆ అవసరమే తగ్గుతుంది. లేదన్న భయమే పేగును తరుముతుంది.

క్యాన్సర్లు, కిడ్నీ జబ్బుల మధ్య దీనికింత గోల ఎందుకని అనేవారున్నారు. ఈ జబ్బు ప్రాణం తీయదు, నిజమే. ఆయుష్షు తగ్గించదు. క్యాన్సరుగా మారదు. ఆ ఒక్కమాట గట్టిగా చెబితేనే సగంమంది నిద్రపోతారు. కానీ ప్రాణం తీయని జబ్బు జీతం తీస్తుంది. చదువు తీస్తుంది. పెళ్ళిళ్ళు, పేరంటాలు తీస్తుంది. అప్పు తెస్తుంది. ఆస్పత్రిలో పడుకోబెట్టి చేసే చికిత్సలకు ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. పడుకోవాల్సిన అవసరం లేని ఈ రోగి తన జేబులోంచే ఖర్చు పెట్టుకుంటున్నాడు.

దీనికి కొత్త ఆస్పత్రి కట్టనక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక పూట కడుపు రోగుల కోసం కేటాయించి, ఒక్కొక్కరికి పావుగంట ఇస్తే చాలు. రోమ్ ప్రశ్నలు, ప్రమాద గుర్తులు ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేసి ఊరి ఆరోగ్య కార్యకర్తలకు, ఆర్ఎంపీలకు సైతం ఇవ్వవచ్చు. చీటీ లేకుండా యాంటీబయాటిక్కులు అమ్మే షాపుల మీద ఔషధ నియంత్రణ అధికారులు అప్పుడప్పుడైనా కన్నేయాలి. బస్టాండుల్లో, బడుల్లో దొడ్లకు గడియలు, నీళ్ళు ఉన్నాయో లేదో చూడడం మున్సిపాలిటీకి, పంచాయతీకి కోట్ల పని కాదు. తాగునీటి పైపులకు మురుగు తగలకుండా చూడడం ఎటూ వారి విధి.

ఇక డాక్టర్లు చేయాల్సింది ఒకటుంది. ‘నీకేమీ లేదు’ అనే మూడు ముక్కలు మానుకోవాలి. వాటి స్థానంలో చెప్పాల్సినవీ మూడు ముక్కలే. నీకున్న జబ్బుకు పేరుంది. దాంతో ప్రాణభయం లేదు. అదుపులో పెట్టుకునే దారి ఉంది. ఈ మాటలకు ఫీజు వేరే లేదు, పక్కఫలితాలు లేవు. రోగి ప్లాస్టిక్ సంచి బరువు మాత్రం తగ్గుతుంది.